రోజుకో గుప్పెడు పిప్పి

మీ తాత గురించా? ఇన్నాళ్ళకి గుర్తొచ్చాడన్నమాట. కూర్చో తల్లీ, ఆ కుర్చీ కాదు, దాని కాలు వదులు, ఇటు రా. మా అన్నలాంటి నిదానస్తుణ్ణి నేను మళ్ళీ చూళ్ళేదు. నేనేమో ఒట్టి తొందర మనిషిని. సరే, ఎక్కడున్నాం? ఆ, వానల్లేని ఏడు. మా గొర్రెల మేతకి గడ్డిపరక లేదు. జ్యూస్ ఫ్యాక్టరీ వాళ్ళు పిండేసిన నారింజ పిప్పీ తొక్కలూ గేటు బయట పారబోసేవాళ్ళు. అన్న వెళ్ళి అడిగితే అక్కడి మేస్త్రీ, "పట్టుకుపోవయ్యా బాబూ, మాకు పీడ విరగడవుతుంది" అన్నాడట. రోజూ పొద్దున్నే తోపుడుబండి మీద తెచ్చి, ముందు తను నోట్లో వేసుకునేవాడు! పులిసిందా, బండి మొత్తం గోతిలోకే. "మనిషివా, గొర్రెవా?" అని మా వదిన, అదే మీ నానమ్మ, నెత్తి కొట్టుకునేది.

మా మంద నిగనిగలాడుతుంటే వీధివాళ్ళు ఊరుకుంటారా? తమ గొర్రెల్నీ తెచ్చి అప్పజెప్పారు. టైలరువి ఆరు, ఇంకా వాళ్ళవీ వీళ్ళవీ, బట్టలుతికే ముసలావిడవి మూడు. ఆవిడకున్నవే ఆ మూడు. అన్న ఆ కొత్తవాటి మెడలకి గుడ్డపీలికలు కట్టి దడి అవతల ఉంచాడు. "వీటి కడుపుకి అలవాటు లేదురా. ఇవాళ గుప్పెడు పిప్పి, ఎండుగడ్డిలో కలిపి. రేపు రెండు. అలా రెండు వారాలు" అనేవాడు.

మూడోరోజు ఎండుగడ్డి కోసం పక్క ఊరెళ్తూ, "దడి తియ్యకు" అన్నాడు నాతో. అవి ఒకటే అరుపమ్మా. ఇవతల మావి తొట్టినిండా తింటున్నాయి, అవతల అవి డొక్కలెగరేస్తూ చూస్తున్నాయి. అన్నకి ఇంత పిసినారితనమేమిటి అనుకున్నాను. తీసేశాను. తిన్నంత తిననిచ్చాను. పైగా సంతోషించాను కూడా. సాయంత్రానికి నెమరు ఆగిపోయింది. పొట్టలు ఉబ్బి, పళ్ళు కొరుకుతూ పడిపోయాయి. తెల్లారేసరికి పంతొమ్మిది పోయాయి. ముసలావిడవి మూడూ పోయాయి.

అన్న వచ్చి తొట్టి చూశాడు, నన్ను చూశాడు. వీధంతా మీద పడింది. "ఊరెళ్తూ నేనే వేశాను, అంచనా తప్పింది" అన్నాడు. ఎందుకలా అన్నాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మా మందలోంచి తలా ఇన్నని తోలి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆయన చేతికి ఒక్కరూ ఒక్క గొర్రెనివ్వలేదు. గొర్రెలు తప్ప ఇంకో లోకం తెలీని మనిషి, గోదాముకి కాపలా కాశాడు. "గొర్రెల్ని చంపినోడి కొడుకు" అని బడిలో అంటే మీ నాన్న ఏడుస్తూ వచ్చేవాడు. ఇప్పటికీ వాడు వాళ్ళ నాన్న మాటెత్తడు కదూ? ఎందుకెత్తుతాడు!

అన్న పోయిన రోజు మా వదిన నన్ను పక్కకి పిలిచింది. "మరిదీ, నువ్వున్నావుగా అక్కడ, నిజం చెప్పు. నాలుక మీద వేసుకుని చూసే మనిషి అంత తప్పు చేశాడా?" అంది. చేశాడు వదినా అన్నాను. అన్నాను తల్లీ! ఈ నోటితోనే. ఆవిడా ఆ మాట నమ్మే పోయింది.

మీ నాన్నకి ఫోన్ కలుపు. నువ్వు చెప్పకు, నేనే చెప్తాను... కలిసిందా? ఆగు, ఆగు, పెట్టెయ్. వాడు భోంచేసే వేళ. నువ్వేమైనా తిన్నావా?