బల్ల ఎక్కని అల్లుడు

చాలించండి ఆ చప్పట్లు, అల్లుడుగారూ! ఇప్పటికి నాలుగోసారి. అత్తగారికి దండంగా ఒకసారి కొడితే మర్యాద, రెండుసార్లు కొడితే మహా మర్యాద. నాలుగుసార్లు కొడితే వేళాకోళంలా ఉంటుంది.

లేచి బల్ల మీద కూర్చోండి. కూర్చోరా? అవున్లెండి, అత్తగారి పక్కన ఒకే బల్ల మీద కూర్చుంటే ఇంకేమైనా ఉందా! మీ తాతముత్తాతలు సమాధుల్లోంచి లేచొచ్చి వీపు చీరెయ్యరూ!

అటు చూడండి, మందుల కోసం నిలబడ్డ ఆడాళ్ళు వరస వదిలేసి మరీ మనల్నే చూస్తున్నారు. ఏమ్మా, మీ ఊళ్ళో అల్లుళ్ళు లేరా? చంటిపిల్లలకి టీకాలు వేయించుకుని ఇళ్ళకి పొండి!

అసలు ఇదంతా కెరెసియా మోకాలి వల్ల వచ్చింది. ఈ బల్ల మీద కూర్చుని వచ్చినవాళ్ళ కష్టాలు వినడం మంగళవారం ఆవిడ వంతు, గురువారం నాది. మోకాలు బూరెలా పొంగింది, ఈ ఒక్కసారికీ నువ్వు కూర్చోవే అంది. సరే అన్నాను. ఇంతలో చీటీలు రాసే పిల్ల వచ్చి ఏం చెప్పిందో తెలుసా? "ఎనెరెసి అవ్వ ఏ రోజున రారు అని ఎవరో ఒకాయన ఫోన్ చేసి అడిగాడు" అని! ఎవడా మహానుభావుడు, నేను లేని రోజు కోసం కాచుక్కూర్చున్నవాడు అనుకున్నా. తీరా చూస్తే మీరు!

ఆగండాగండి, ఎక్కడికి? తేలు కుట్టిన దొంగలా అలా జారుకుంటే ఊరుకుంటానా! కూర్చోండి. అదే, గొంతుక్కూర్చోండి, మీ ఇష్టం.

రూలు నాకూ తెలుసు. సొంతవాళ్ళని ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోకూడదు, ఇంకో అవ్వ దగ్గరికి పంపాలి. డాక్టరమ్మ శిక్షణ మొదటి రోజే చెప్పింది. రెండో రోజు ఇంకోటి కూడా చెప్పింది, మాట్లాడ్డం తక్కువ, వినడం ఎక్కువ ఉండాలని. ఆ రెండోది నాకు ఎనిమిదేళ్ళయినా అబ్బలేదు, అది వేరే సంగతి.

కానీ ఇంకో అవ్వ ఇవాళ లేదు. మిమ్మల్ని ఇప్పుడు పంపిస్తే మళ్ళీ వస్తారా? నిజం చెప్పండి. నెలకి ఇద్దరు మగాళ్ళొస్తే గొప్ప ఇక్కడికి. ఆ ఇద్దరూ పెళ్ళాం జబ్బు అని మొదలుపెడతారు. చిటుంగ్విజాలో మగాడు గుండె బరువుగా ఉందని ఈ జామచెట్టు దాకా నడిచొచ్చాడంటే, ఎన్ని రాత్రులు నిద్ర లేకపోతే వచ్చుంటాడు! ఆ మాత్రం నాకు తెలీదూ?

ఒక పని చేద్దాం. నేను ఇటు తిరిగి చెట్టువైపు చూస్తూ కూర్చుంటా. మీరు నా వెనకాల నేల మీదే ఉండండి. మీరు నా మొహం చూడక్కర్లేదు, నేను మీది చూడను. మర్యాదకి మర్యాదా దక్కుతుంది, పనికి పనీ అవుతుంది. ఊ, తిరిగాను. నడుము పట్టేసిందమ్మా!

ఇదిగో, పద్నాలుగు ప్రశ్నలున్నాయి ఈ కాగితంలో. అత్తగారితో ఎదురు మాట్లాడలేరు కాబట్టి, అవునంటే ఒక్క చప్పట కొట్టండి, కాదంటే ఊరుకోండి. ఎలాగూ చప్పట్లలో మీకు మంచి అలవాటుంది కదా.

పోయిన వారం రోజుల్లో ఆలోచనలు ఎక్కువయ్యాయా? మన కుఫుంగిసిసా, ఒకే మాట బుర్రలో రోకలిలా దంచుతూనే ఉండటం... ఊ, ఒక చప్పట.

నిద్ర పట్టలేదా? చప్పట. అంత గట్టిగా అక్కర్లేదు, వినబడుతుంది.

చిన్నవాటికే కోపం వచ్చిందా? చప్పట. మీ వ్యానులో టిక్కెట్లు కొట్టేవాడిని దింపేశారట, వాడి పిన్ని నాతో అంది. పాపం వాడేం చేశాడు?

తిండి సయించలేదా? ఇది అడగక్కర్లేదులెండి, బెల్టుకి కొత్త బెజ్జం పొడిచారు, వస్తూంటే చూశాను.

ఇప్పుడు పదకొండోది. దీనికి తొందరపడకండి. నేను అత్తగారినని మర్చిపోండి, ఎవరో ముసల్ది అడుగుతోందనుకోండి. చచ్చిపోతే బాగుండునని అనిపించిందా?

...

లేదు కదూ? నిజంగా లేదు కదూ? ఆ మాట నిజమైతే పర్లేదు, అబద్ధమైతే ఇప్పుడే నర్సమ్మ దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను, ఆచారం గీచారం చూడను. సరే, లేదు. అమ్మయ్య.

పన్నెండు. ఏడుపొచ్చిందా?

ఏమిటీ, చప్పటేనా అది? మళ్ళీ కొట్టండి.

అయ్యో. అయ్యయ్యో.

అల్లుడుగారూ, మూడు నెలలుగా నేను ఈ నోటితో ఏమని తిరుగుతున్నానో తెలుసా మీకు? చర్చిలో చెప్పాను, కుళాయి దగ్గర చెప్పాను, కెరెసియాకైతే రోజూ చెప్పాను. "మా అల్లుడిది రాతి గుండె. కన్నబిడ్డ పోతే కంట తడి పెట్టలేదు. మూడో రోజు వ్యానెక్కి ముతారే పోయాడు" అని. ఇంత పొడుగు నాలిక నాది.

మరి మీరూ అలాగే కనబడ్డారు నాయనా! గేటు దగ్గర మగాళ్ళతో నిలబడి టైర్ల గురించి మాట్లాడారు. టైర్లు! నాకు ఒళ్ళు మండిపోయింది. నా కూతురు షువాయి లోపల పాలు కారుతున్న రొమ్ములకి గుడ్డ చుట్టుకుని పడుకునుంది, బయట మొగుడు టైర్ల గురించి మాట్లాడుతున్నాడు.

దాని దగ్గరికి అందరూ వచ్చారు. చర్చి ఆడాళ్ళు వచ్చి పాటలు పాడారు, సద్జా సంకటి వండి తినిపించారు, వీపు నిమిరారు. మీ దగ్గరికి ఎవరొచ్చారు? ఎవరూ రాలేదు కదూ. పళ్ళు రాని పసిగుడ్డుకి మగాళ్ళు ఏడవకూడదాయె. చిన్న కుండ పగిలింది, పెద్ద కుండ ఉంది కదా అనేసి భుజం తట్టి పోతారు. నేనూ అలాగే అన్నానేమో, గుర్తు లేదు. అనే ఉంటాను.

ఏమిటి? ఏదో అన్నారు. గొణక్కండి, నాకు ఆ వైపు సరిగ్గా వినబడదు. వెనక్కి తిరగనులెండి, అనండి.

...

ఎవరి పోలిక, అనా?

ఇదా మీ రోకలి? ఇదేనా మూడు నెలలుగా దంచుతున్నది?

అవును, మీరు చూడలేదు. పొద్దున్న పుట్టింది, సూర్యుడు నడినెత్తికి రాకముందే పోయింది. మీరు ముతారే నుంచి వచ్చేసరికి మేం వాగు ఒడ్డుకి వెళ్ళిపోయాం. పసిగుడ్డుని తడినేలలోనే పెట్టాలి, ముసలాళ్ళే పెట్టాలి, తండ్రి ఆ ఛాయలకి రాకూడదు. వచ్చిన ముసలాళ్ళు నోరు విప్పకూడదు. మా అమ్మ అలాగే చేసింది, వాళ్ళమ్మా అలాగే చేసింది. నేను వాళ్ళని తప్పు పట్టను, ఊరికి రెండు చావులొచ్చే రోజుల్లో ఏడుస్తూ కూర్చుంటే పొలం ఎవరు దున్నుతారు?

కానీ చెప్తాను. తప్పయితే నాకే తగులుతుంది, నాకేం, రేపో మాపో పోయేదాన్ని.

నీ పోలికే నాయనా. అవే చేట చెవులు. ఇంత పిడికెడు తల, ఇంతింత చెవులు! అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. దేవుడు క్షమించాలి, దుప్పటి చుడుతూ నవ్వాను. ఇదేమిటే, నాన్న చెవులు ఎత్తుకొచ్చేశావు అన్నాను. వేళ్ళు పొడుగ్గా షువాయి వేళ్ళలా ఉన్నాయి. జుట్టు ఒత్తుగా ఉంది, నుదుటి దాకా. బాధపడ్డట్టు లేదు మొహంలో. పాలు తాగి పడుకున్నట్టుంది.

ఏడు. బాగా ఏడు. నేనటు తిరగను. ఆ ఆడాళ్ళు చూస్తే చూడనీ, నీ బదులు నేను సిగ్గుపడతాలే.

చోటు కూడా చెప్తాను. వంతెన దిగాక కుడివైపు, రెండు తెల్లరాళ్ళ మధ్య. ఒక్కడివీ వెళ్ళకు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని నా బతుకు అలా ఉంది. రోజూ ఈ బల్ల మీద కూర్చుని, మనసు విప్పమ్మా, లోపల దాచుకుంటే కుళ్ళిపోతుందమ్మా అని ఎవరెవరికో చెప్తాను. ఇంట్లో నా కూతురు, "అమ్మా, ఎవరి పోలిక?" అని నోరు తెరిచి అడిగితే ఏమన్నానో తెలుసా? "ఆ మాట అడక్కూడదు, అడిగితే మళ్ళీ కడుపు పండదు" అన్నాను. అలా బెదిరించి నోరు మూయించాను. అది అప్పట్నించీ అడగలేదు. ఇద్దరూ ఒకే మాట దంచుకుంటున్నారన్నమాట, అది నా ఇంట్లో, నువ్వు నీ ఇంట్లో.

సరే, ముక్కు తుడుచుకో. రూలు ప్రకారం ఉపాయం నేను చెప్పకూడదు, వచ్చినవాళ్ళే చెప్పాలి. ఒక్కటే కష్టం ఎంచుకోవాలి, ఈ వారంలో చెయ్యగలిగిన ఒక్క చిన్న పని ఎంచుకోవాలి. చెప్పు, ఏం చేస్తావు?

షువాయిని మీ ఇంటికి తీసుకెళ్తావా? ఎప్పుడు, ఆదివారమా? పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చి, నా ముందు మోకరిల్లి, తప్పయిపోయిందని చెప్పిస్తావా? నీకేం తప్పు నాయనా!

ఇంక దాచి ఏం లాభం, విను. అది నిన్ను వదిలేసి రాలేదు. నేనే వచ్చి సంచి సర్దాను. ఆ రాతిగుండెవాడి దగ్గర నీకేం పని, రా అని లాక్కొచ్చాను. మూడు వారాలుగా రోజూ పొద్దున్నే బయల్దేరుతుంది, "అమ్మా, ఆయనకి తిండి ఎవరు వండుతున్నారో" అంటుంది. నేనే ఏదో ఒక వంక పెట్టి ఆపుతున్నాను. నడుము నొప్పంటాను, కళ్ళు తిరుగుతున్నాయంటాను.

నీ మీద కోపంతో అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. వాగు నుంచి వచ్చిన రోజు నుంచీ నా ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నాను. చేతుల్లో ఆ బరువు ఇంకా ఉంది. షువాయి పక్కన పడుకుంటే కాస్త తగ్గుతుంది. అంతే సంగతి. నా కోసం నీ పెళ్ళాన్ని నీకు కాకుండా చేశాను.

ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్ళు. ఇంట్లోనే ఉంది, బట్టలు ఉతుకుతోంది. పెద్దమనుషులూ వద్దు, మోకరిల్లడమూ వద్దు. ఆ చెవుల సంగతి దానికి చెప్పు, సంచి తీసుకో, బయల్దేరు.

నాకు నాలుగింటి దాకా ఇక్కడే పని. నేనొచ్చేసరికి మీరిద్దరూ వెళ్ళిపోయుండాలి. ఉన్నారంటే మళ్ళీ ఏదో ఒక నొప్పి చెప్పి ఆపేస్తాను. నా సంగతి నాకు తెలుసు.