పదిహేడో నంబరు జీపు, నేను రాసిన కాగితం

అధ్యక్షులు వామన్‌రావు గారికి, వేదిక మీది పెద్దలకు, ఎగ్జిబిషన్ రద్దీలో ఆటో దొరక్క నాంపల్లి నుంచి ఈ అబిడ్స్ హాలు దాకా నడిచి వచ్చిన వర్క్‌షాప్ మిత్రులకు, వాళ్ల కుటుంబాలకు నమస్కారం.

నా ఆఖరి రోజు ఎలా గడిచిందో ముందు చెబుతాను. పొద్దున ఎనిమిదిన్నరకు వర్క్‌షాప్ తాళం తీశాను. తొమ్మిదింటికి పదిహేడో నంబరు జీపు ర్యాంపు ఎక్కింది. మన సర్వే బృందాన్ని ఏటూరునాగారం వైపు తీసుకెళ్లి, రెండు వాగులు దాటి మొన్ననే వచ్చింది. మెకానిక్ బీరయ్య వెనక ఇరుసు కింద పళ్లెం పెట్టి నా వైపు చూశాడు. "ఇయ్యాల గూడ నూనె మీరే ముట్టాల్నా సార్? సాయంత్రం శాలువ కప్పుతరు. చేతులు వాసనొస్తయ్" అన్నాడు. ముట్టాను. (నవ్వులు) నూనె కొంచెం నల్లబడింది కానీ నీళ్లు చేరలేదు. పదకొండింటికి తాళాలు, రిజిస్టర్లు అప్పగించాను. మధ్యాహ్నం డ్రాయర్ ఖాళీ చేశాను. చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. వాసన ఇంకా ఉంది. ముందు వరుసలోని వాళ్లు క్షమించాలి.

ఆ వాసన మా ఆవిడ నళినికి బాగా తెలుసు. గేర్ ఆయిల్లో గంధకం ఉంటుంది, సబ్బుకు లొంగదు. ముప్ఫై ఏళ్లు నేను ఇల్లు చేరేసరికి వాష్‌బేసిన్ పక్కన సగం కోసిన నిమ్మకాయ ఉండేది. "ముందు అది. తరవాతే కాఫీ" అనేది. ఆమె పోయి పదిహేను నెలలు. ఇంతకుమించి ఆ సంగతి మాట్లాడకూడదనుకునే వచ్చాను.

కానీ ఇందాక వామన్‌రావు గారు, "ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేని మనిషి" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. బీరయ్య కూడా కొట్టాడు. అది చూశాక, రాసుకొచ్చిన ప్రసంగం జేబులో పెట్టేశాను.

కుటుంబాలతో వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. జీపు వెనక చక్రాల మధ్య, కింద, ఉబ్బెత్తుగా ఒక ఇనప గుండు కనిపిస్తుంది. దాన్ని డిఫరెన్షియల్ అంటాం. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచేది, మలుపులో ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా తిరగనిచ్చేది అదే. లోపలి పళ్ల చక్రాలు నూనెలో మునిగి తిరుగుతాయి. అందులో మామూలు నూనె పోయాలా, ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసే ఖరీదైన సింథటిక్ పోయాలా అని నేనూ, మన స్టోర్స్ ఇంజనీరు వైశాలి గారూ మూడేళ్లు వాదించుకున్నాం. "సార్, డబ్బా మీద రాసింది ఒక్కసారి చదవండి" అనేవారు ఆవిడ. "డబ్బా ఎప్పుడైనా వాగు దాటిందా అమ్మా?" అనేవాణ్ని నేను. (నవ్వులు) అలా నవ్వులతోనే ఆవిడ నోరు మూయించాను, మూడేళ్లు.

ఆవిడ వాదన సరైనదే. నిండు బరువుతో ఘాట్ ఎక్కే జీపులో, తక్కువ వేగంలో గంటలకొద్దీ, ఆ గుండు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. మామూలు నూనె అప్పుడు పలచబడి, తొందరగా పాడవుతుంది. సింథటిక్ ఆ వేడికి నిలుస్తుంది. పదిహేను వేల కిలోమీటర్లకు మార్చేదాన్ని నలభై వేలకు మార్చొచ్చు. నా భయమల్లా ఆ నలభై వేల గురించే. కాలిన ఇరుసు చల్లటి వాగులో దిగితే సన్నటి సందుల్లోంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. నూనె పాలు కలిపిన టీలా అవుతుంది. అది పైకి కనపడదు. ఎవరో ఒకరు బండి కిందికి దూరి, బోల్టు విప్పి, వేలు పెట్టి చూడాలి. మామూలు నూనె ఉంటే తరచుగా మార్చక తప్పదు కాబట్టి ఆ వేలు పడుతుంది.

కిందటేడు కాదు, అంతకుముందు ఏడు జులైలో, నళినిని చేర్చిన ఆస్పత్రి వరండాలో వైశాలి గారి ఫైలు మీద సంతకం పెట్టాను. నాకు అప్పుడు వాదించే ఓపిక లేదు. అందులో ఆవిడ స్పష్టంగా రాశారు: ఏ నూనె పోసినా, నీళ్లలో దిగిన బండిని తిరిగి రాగానే విప్పి చూడాలి అని. దాని ఆధారంగా వర్క్‌షాప్‌కు సర్క్యులర్ రాసింది నేను. ఆ వాక్యం తీసేశాను. నలభై వేల దాకా ఎవరూ ముట్టుకోవద్దని రాశాను. విప్పిన ప్రతి బండికీ వర్క్‌షాప్ నుంచి నాకు ఫోన్ వస్తుంది. ఆ వరండాలో నా ఫోన్ మోగకూడదనుకున్నాను. అంతే.

అయినా ఆగస్టులో మోగింది. "సార్, పదిహేడో నంబరు వాగుల దిగొచ్చింది. ఒక్కపారి విప్పి చూస్తే మంచిగుంటది గదా?" అన్నాడు బీరయ్య.

"సింథటిక్ పోశాం కదయ్యా. కాగితం చదవలేదా?"

"చదివిన సార్. గట్లనే చేస్తం. అమ్మకెట్లుంది?"

నేను ఫోన్ పెట్టేశాను.

అక్టోబర్‌లో నళిని పోయింది. నవంబర్‌లో పదిహేడో నంబరు ఘాట్ దిగుతుండగా వెనక ఇరుసు బిగుసుకుపోయి, బండి పక్కకు జారి గట్టుకు కొట్టుకుంది. డ్రైవర్ వెంకటేశానికి ఎడమ భుజం ఎముక విరిగింది. మూడో వరుసలో ఉన్నాడు. ఇప్పుడెట్లా ఉంది వెంకటేశం? "మంచిగనే ఉంది సార్" అంటున్నాడు. చలికాలం కదా, మంచిగా ఉండదని నాకు తెలుసు.

ప్రమాదం కబురు వచ్చిన సాయంత్రం ఆ సర్క్యులర్‌ను వర్క్‌షాప్ గోడ మీంచి తీసి నా డ్రాయర్‌లో పెట్టాను. చించలేదు. విచారణ కమిటీలో ముగ్గురం. నేనొకణ్ని. "బండి విప్పి చూశావా?" అని బీరయ్యను అడిగారు. "విప్పలే సార్" అన్నాడు. నా కాగితం మాట ఎత్తలేదు. మెకానిక్ నిర్లక్ష్యం అని రాశారు. రెండేళ్ల దాకా ఫోర్‌మన్ పోస్టుకు అతని పేరు చూడకూడదని రాశారు. కింద నేను సంతకం పెట్టాను.

మంచినీళ్లు ఇవ్వండమ్మా. సరే.

ఆ కాగితాన్ని గోడ మీద చదివినవాళ్లు ఐదుగురు. ఐదుగురూ ఈ హాల్లోనే ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నెల తరవాత బీరయ్యను అడిగాను, ఎందుకు చెప్పలేదని. "అమ్మ పోయి నెల గాలే సార్. గప్పుడు మీ పేరు ఎట్ల జెప్పాలె?" అన్నాడు. మీరంతా నా దుఃఖాన్ని గౌరవించారు. నేను దాని చాటున దాక్కున్నాను. ఏడాదికి పైగా.

వెనక నుంచి బీరయ్య, "ఇప్పుడెందుకు సార్ గవన్నీ, కూసోండ్రి" అంటున్నాడు. కూర్చుంటాను బీరయ్యా. సోమవారం ఫోర్‌మన్ జాబితా వెళ్తుంది. అందుకే ఇప్పుడు. వామన్‌రావు గారూ, లేవకండి, ఇంకో నిమిషం.

నూనె సంగతి తేల్చే పోతాను. ఘాట్‌లలో బరువు మోసే జీపులకు సింథటిక్ పోయండి. వైశాలి గారు చెప్పిందే సరి. వాగుల్లో రోజూ దిగే బండ్లకు మామూలు నూనె చాలు. ఎలాగూ నీళ్లు చేరి మాటిమాటికీ పారబోసేదే. ఏది పోసినా, వచ్చిన రోజే విప్పండి. నేను మూడేళ్లు నూనెల గురించి వాదించి, తీరా వేలు పెట్టి చూడాల్సిన రోజున వద్దన్నాను.

శాలువ కప్పినందుకు, ఇన్నేళ్లు నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. వెంకటేశానికి, బీరయ్యకు క్షమాపణలు. కృతజ్ఞత కంటే అది చెప్పడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

తప్పు బీరయ్యది కాదు, నాదని ఇవాళ రాత్రి ఉత్తరం రాయాలి. దాని మీద నూనె మరక పడకూడదు కాబట్టి, వెళ్తూ వెళ్తూ నిమ్మకాయలు కొంటాను. రేపు ఉదయం పదింటికి మన అబిడ్స్ ఆఫీసుకు వస్తాను. అక్కడ నాకిక కుర్చీ లేదు, వచ్చిపోయేవాళ్ల బెంచీ మీద కూర్చుంటాను. చేతిలో ఆ సర్క్యులర్, నా ఉత్తరం ఉంటాయి. అవి తీసుకున్నట్టు ముద్ర వేసి, బీరయ్య ఫైలులో పెట్టేదాకా అక్కడి నుంచి లేవను. సెలవు.