గుమ్మం దగ్గర ఇద్దరు

భార్య ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చి ఆరు రోజులైంది. ఆ ఆదివారం మధ్యాహ్నం బస్సు డ్యూటీ దిగి వచ్చిన భర్త, మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఏమండీ, ఒక మాట చెప్తాను, కంగారు పడకండి. పొద్దున మీ అక్కయ్యగారు వచ్చారు.”

“అక్కయ్యా? చెప్పాపెట్టకుండానా?”

“వచ్చారు గానీ, మన పిల్లలు లోపలికి రానివ్వలేదు.”

“అక్కయ్యనా! ఎందుకని?”

“ఆవిడ ఒకటే దగ్గు. దగ్గూ జలుబూ ఉన్నవాళ్లెవరూ పది రోజులపాటు నా దగ్గరికి రాకూడదని డాక్టరు చెప్పాడుగా. పెద్దది గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. చిన్నదేమో కుర్చీ ఈడ్చుకెళ్లి కిటికీ బయట వేసి, ‘అత్తా, ఇక్కడ కూర్చుని మాట్లాడు, అమ్మకి బాగా వినిపిస్తుంది’ అంది.”

“అయిదేళ్లన్నా నిండలేదు దానికి!”

“ఆవిడ గట్టిగా గద్దించారు కూడా. పెద్దదానికి కళ్లనీళ్లు తిరిగాయి గానీ, చేతులు మాత్రం దించలేదు. ఇక్కణ్ణుంచే చూస్తూ ఎంత పొంగిపోయానో! కానీ ఆవిడ ముఖం ముడుచుకుని వెళ్లిపోయారు. మీరేమంటారోనని...”

“నాకు ముందే తెలుసులే, నీ నోట విందామని అడిగాను. అక్కయ్య డిపోకి ఫోన్ చేసింది.”

“అయ్యో! తిట్టారా?”

“తిడుతుందనే అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆవిడకి ఒక్కసారి కూడా ఎదురు చెప్పినవాణ్ణి కాదు కదా నేను!”

“మరి ఏమన్నారు?”

“‘ఒరేయ్, ఆ పిల్లలకి నీ పోలిక రాలేదురా. ఇక నా మరదలి గురించి నాకు దిగుల్లేదు’ అంది.”