ఇనుప స్లీపర్ల వంతెన

పుదుచ్చేరి ఊరి అంచున రైలు పట్టాల పక్కనున్న, పట్టాలు చూసుకునే గ్యాంగు పనివాళ్ల గది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. రోజూ పట్టాల వెంట నడిచి వదులైన క్లిప్పులు బిగించే లోకేశ్వరికి ఎదురుగా, మూడు వారాల కింద యానాం నుంచి వచ్చి చేరిన ఇంజనీరు ఫణిధర్ కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఒక కాగితం ఉంది.

"సంతకం ఒక్కటే కదండీ లోకేశ్వరి గారూ. పెన్ను పట్టుకుని అలా కూర్చున్నారేంటి?"

"ఏం రాసినారో ఇంగొకసారి చదవండి సార్."

"రెండుసార్లు చదివాను."

"ఇంగ్లీషులో చదివినారు. మన మాటల్లో చెప్పండి."

"పోనీ తెలుగులో రాసివ్వనా?"

"మాట్లాడేదే సార్ తెలుగు. చదవను రాదు. మా తాతల కాలం నుంచి ఈడే గదా, అరవం అయితే చదువుతా. మీరు నోటితోనే చెప్పండి."

"సరే వినండి. 'ఈ రోజు పొద్దున ఏడుంబావుకి కాలువ వంతెన మీద పట్టాను కింద అడ్డంగా ఉన్న ఇనుప స్లీపర్లకు బిగించే క్లిప్పులు పదమూడు లేకపోవడం గమనించాను. వెంటనే పాసింజరు రైలుకు ఎదురువెళ్లి ఎర్ర జెండా చూపించి ఆపాను. నిన్న పొద్దున నేను తనిఖీ చేసినప్పుడు నూట అరవై క్లిప్పులూ బిగువుగా ఉన్నాయి.' అంతే."

"అంతేనా?"

"ఇంకొక్క ముక్క ఉంది. 'వంతెన దగ్గర మురుగన్ అనే మనిషిని క్లిప్పుల మూటతో చూశాను.'"

"చూసినా. అది నిజమే."

"అంటే మిగతాది అబద్ధమా?"

"అట్ల అనలేదు సార్."

"మరింకేంటి? ఒంటిగంటకు పోలీసు ఇన్‌స్పెక్టరు వస్తాడు ఈ కాగితం కోసం. పొద్దుట్నుంచి పెద్దాఫీసు వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. మీ ఫొటో పంపమన్నారు. ప్రశంసాపత్రం ఇస్తారట. రైల్లో మూడు వందల ఇరవై మంది ఉన్నారండీ. తెలుసా మీకు?"

"తెలుసు."

"సంతోషంగా లేదా?"

"ఆ మురుగన్‌ను ఏం చేస్తారు సార్?"

"అది పోలీసుల పని."

"ఏం చేస్తారు?"

"మామూలు ఇనుము దొంగతనమైతే ఏదో చిన్న కేసు. ఇది రైలు కూల్చే కుట్ర అంటున్నారు. కొన్నేళ్లు లోపల ఉంటాడు."

"కొన్నేళ్లంటే?"

"పదేళ్లయినా పడొచ్చు. నాకు సరిగ్గా తెలియదు."

"పదేళ్లు."

"జాలిపడుతున్నారా? వరసగా ఏడు స్లీపర్ల మీద పట్టాకు పట్టు లేదు. ఇంజను వంతెన మధ్యకి వచ్చుంటే పట్టా పక్కకు ఒరిగేది. ఆ తర్వాత పెట్టెలు ఎక్కడ పడేవో మీకు నేను చెప్పక్కర్లేదు."

"చెప్పొద్దు సార్. చెప్పొద్దు."

"ఒక్కటే నాకు అర్థం కావట్లేదు. వంతెన మీద పదమూడు ఖాళీలు. వాడి మూటలో పన్నెండే దొరికాయి. పదమూడోది ఏమైనట్టు?"

"కాలవలో పడుంటది."

"గ్యాంగు వాళ్లు దిగి వెతికారు. లేదు."

"బురద గదా సార్. యాడో దిగిపోయుంటది."

"ఎవరండీ అక్కడ తలుపు దగ్గర? లోపలికి రాకూడదమ్మా. ఎవరు కావాలి?"

"సామీ, నేను ధనభాగ్యాన్ని. కురుచికుప్పం. పొద్దున పోలీసోళ్లు పట్టుకొని పోయినారే మురుగన్, ఆయన పెండ్లాన్ని."

"ఇక్కడికెందుకొచ్చారమ్మా? స్టేషనుకు వెళ్లండి."

"ఆడికి పోయినా సామీ. మొగం కూడా చూపియ్యలేదు. నిన్ను చూసే దానికే వచ్చినా లోకేశ్వరక్కా. నువ్వు ఆడనే ఉంటివంట గదా?"

"ఉన్నా."

"మా ఆయన దొంగా అక్కా? చెప్పు. దినామూ ఆ కాలవలో ఎండ్రకాయల వల వేస్తాడు. పోతావస్తా నువ్వు చూసిందే గదా! ఒక్క దినమన్నా పట్టా మింద చెయ్యి పెట్టినాడా?"

"నువ్వు ఇంటికి పో ధనభాగ్యం."

"పోతాలే. ఒక్క మాట చెప్పు, పోతా. మొన్న ఆయన నీకాడికి వచ్చినాడా లేదా?"

"ఎవరెవరో వస్తారు. నాకు గ్యాపకం లేదు."

"రైలక్కతో మాట్లాడొస్తానని చెప్పి పోయినాడక్కా. అన్నం గూడా తినకుండా పోయినాడు."

"లేదంటున్నా గదా!"

"ఏమ్మా, మీ ఆయన ఈవిడ దగ్గరికి ఎందుకు వచ్చాడు?"

"నాకు తెలీదు సామీ. ఆడోళ్లకు ఎందుకులే అన్నాడు. అక్కకే తెలవాల."

"నాకేం తెలీదు సార్."

"సరేనమ్మా, నువ్వు వెళ్లు. ఇక్కడ నిలబడితే ఏం లాభం లేదు."

"బయట ఆ వేపచెట్టు కింద కూచుంటా సామీ. అక్కకు గ్యాపకం వస్తే పిలవండి."

"మంచినీళ్లు తాగండి లోకేశ్వరి గారూ."

"వద్దు సార్."

"ఆవిడ మాటలు పట్టించుకోకండి. ఏ పెళ్లామైనా అలాగే అంటుంది. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టండి."

"ఆ మూటలోంచి క్లిప్పు ఒకటి తెచ్చినారు గదా సార్. ఇట్ల ఇయ్యండి."

"ఎందుకు?"

"ఇయ్యండి సార్, చెప్తా. దొంగోడు క్లిప్పు ఎట్ల తీస్తాడు? సుమ్మా, ఊరికే చేత్తో పీకితే రాదు. వెనక కొస మీద సుత్తితో గట్టిగా కొట్టి బయటికి తొయ్యాల. అప్పుడు ఈ కొసన తాజాగా దెబ్బ ఉండాల. ఇనుము తెల్లగా మెరవాల. ఉందా?"

"ఏదీ... లేదు."

"మెత్తగా తుప్పు. ఏలితో గీకండి."

"తుప్పే."

"ఈ వంపులో ఎండిన బురద చూడండి. ఈ పొద్దు తీసిందానికి ఎండిన బురద యాడిది?"

"మీరేం చెప్పదల్చుకున్నారు?"

"ఇది తీసింది గాదు. పడింది. ఉప్పుగాలికి తుప్పు తిని, రైలు పోయినప్పుడంతా అదిరి అదిరి, రవ్వంత రవ్వంత వెనక్కి జారి, కడాకు కాలవలో పడింది. పన్నెండూ అట్లనే పడినాయి. పడినవాటిని ఆయన ఏరుకున్నాడు."

"ఒక్క నిమిషం ఆగండి. జారిపోతే వారం ముందే వదులైనట్టు తెలుస్తుంది. రోజూ సుత్తి కొట్టే మనిషికి తెలియకుండా ఎలా జారుతుంది?"

"జారదు."

"మరి?"

"దినామూ చూసి లోపలికి కొట్టే మనిషి ఉంటే జారదు సార్."

"ఆ మనిషి మీరే కదండీ! లోకేశ్వరి గారూ, నిన్న కొట్టారా లేదా?"

"కొట్టినా. ఈ కొసన అయిదు స్లీపర్లు. ఆ కొసన అయిదు."

"నలభై స్లీపర్లు కదా వంతెన మీద?"

"నలభై."

"మధ్యలో ముప్పై?"

"కొట్టలేదు సార్."

"అదెలాగండీ? మీ దగ్గరుండే జీపీఎస్ మిషను రోజూ వంతెన దాటినట్టే చూపిస్తోంది. నేనే చూశాను."

"పక్కనే రోడ్డు వంతెన ఉంది గదా సార్. దాని మింద పోయి ఆ కొసన దిగినా. మిషనుకు ఆ తేడా తెలీదు."

"ఎన్నాళ్లుగా?"

"నలభై దినాలు."

"నలభై రోజులా! ఎందుకు? బద్ధకమా? మీ గురించి ఒక్కరూ చెడ్డగా చెప్పలేదే నాకు! ఎందుకండీ?"

"వాన కాలంలో ఒకనాడు కాలు జారింది సార్. ఇనుప స్లీపరు తడిసుంటే సబ్బు మాదిరి ఉంటది. ఈ కాలు స్లీపర్ల సందులో తొడదాకా దిగిపోయింది. కింద నీళ్లు సుడి తిరుగుతా కనపడతా ఉండాయి. సుత్తి చెయ్యి జారి పడింది. అది పడిన శబ్దం గూడా నాకు వినపడలేదు. ఎట్ల లేచినానో, ఎట్ల ఇవతలికి వచ్చినానో తెలీదు. మరునాడు మళ్లా పోయినా. ఆరో స్లీపరు కాడ కాళ్లు నిలిచిపోయినాయి. ముందుకు రావు. కొట్టుకున్నా, తిట్టుకున్నా. రావు."

"చెప్పి ఉండొచ్చు కదా! వేరే మనిషిని వేసేవాళ్లం కదా!"

"ఆడదానికి ఈ క్లిప్పులు కొట్టే కీమాన్ పని ఎందుకని నవ్వినోళ్లు ఉండారు సార్ ఈ గ్యాంగులో. వాళ్ల ముందర నాకు భయమని ఎట్ల చెప్పేది? రేపు పోతా, రేపు పోతా అనుకుంటానే ఉన్నా. ఇంగ ఇదీ చూడండి."

"ఏంటిది? టిఫిను సంచిలోంచి... ఇది క్లిప్పు!"

"మీరు అడిగిన పదమూడోది."

"మీ దగ్గరికెలా వచ్చింది?"

"మొన్న మురుగన్ తెచ్చి ఇచ్చినాడు. 'అక్కా, ఇది వంతెన కింద పడుండింది, పైన ఏందో చూడు' అన్నాడు. సరే చూస్తాలే, నువ్వు పో అన్నా. సంచిలో వేసుకున్నా. వంతెన కాడికి పోయినా. ఆరో స్లీపరు దాకా పోయినా. వచ్చేసినా."

"దేవుడా."

"ఆయన పెండ్లాం అడిగితే ఇంతకు ముందే గ్యాపకం లేదన్నా. మీరు విన్నారు."

"విన్నాను. ఉండండి... ఆ తలుపు దగ్గరికి వెయ్యనివ్వండి. గట్టిగా మాట్లాడకండి. నన్ను కాస్త ఆలోచించుకోనివ్వండి. ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"తెలీదు."

"ఆ క్లిప్పు సంచిలో పెట్టేయండి."

"ఎందుకు సార్?"

"పెట్టేయండి అంటున్నా! దొంగ ఒకడు ఉంటే మీ ఉద్యోగం నిలుస్తుంది, నా ఉద్యోగం నిలుస్తుంది. దొంగ లేకపోతే ఇద్దరం పోతాం. వచ్చి మూడు వారాలైంది నేను. వంతెన బాగుందని పోయిన వారం కాగితం మీద సంతకం పెట్టింది ఎవరనుకుంటున్నారు? కొస దగ్గర నిలబడి చూసి పెట్టాను."

"మీరు గూడానా సార్?"

"నేను కూడా."

"బయట ఆమె కూచోనుంది సార్. కిటికీలోంచి చూస్తే కనపడతాది."

"నేను చూడను."

"నేను చూస్తానే ఉన్నా ఇంతసేపూ. ఆ కాగితం మింద సంతకం పెడితే, రేపటి నుంచి దినామూ ఆ కాలవ పక్కనే గదా నేను నడవాల. మొగుని బదులు ఆమె వచ్చి ఆ వల తీసి వేస్తా ఉంటది. నాతో కాదు సార్. చించేయండి."

"చించితే ఏమవుతుందో తెలుసా మీకు?"

"తెలుసు."

"జీపు వస్తోంది. ఆ చప్పుడు విన్నారా? ఒంటిగంట కూడా కాలేదు ఇంకా."

"రానీ."

"సరే. సరేనండీ. చించాను. ఇదిగో కొత్త కాగితం. క్లిప్పులు తుప్పుపట్టి జారిపోయాయని రాస్తాను. నా సంతకం సంగతి నేనే రాసుకుంటాను. ఆ మనిషిని వదిలేయమని ఇన్‌స్పెక్టరుకి నేనే చెప్తాను. మీ నలభై రోజుల సంగతి రాయక తప్పదు."

"రాయండి."

"కానీ మీరు భయపడకండి. మిమ్మల్ని ఇంటికి పంపనివ్వను. ఎందుకో తెలుసా? చివరికి రైలుకు ఎదురు పరిగెత్తి ఆపింది మీరు. మూడు వందల ఇరవై మంది ప్రాణాలు. దాని ముందు మీ తప్పు చిన్నదైపోతుంది. నాలుగు నెలలు సస్పెన్షను, అంతే. మొట్టమొదటి వాక్యం అదే రాస్తున్నాను, చూడండి. 'రైలును ఆపినది లోకేశ్వరి' అని."

"అది రాయొద్దు సార్."

"ఏంటి?"

"ఆ మాట కొట్టేయండి."

"పిచ్చా మీకు? ఇప్పుడు మీకు మిగిలింది అదొక్కటేనండీ! నేను మీ తరఫున ఏదైనా మాట్లాడాలంటే ఆ ఒక్క మాట మీదే మాట్లాడాలి. డ్రైవరు కూడా రాశాడు, పట్టాల మీద ఎర్ర గుడ్డ చూసి బ్రేకు వేశానని. దిగి వచ్చేసరికి జెండాతో మీరున్నారని."

"దిగి వచ్చేటప్పటికి ఉన్నా. జనం దిగి ఆ మూట చూసి దొంగ దొంగ అని కొట్టేటప్పుడు గూడా పక్కనే ఉన్నా. ఆయన అరస్తానే ఉన్నాడు, ఎవురూ వినలేదు. నా మొగం చూసి 'అక్కా, నువ్వు చెప్పు' అన్నాడు. నేను జెండా మడుచుకుంటా నిలబడినా."

"మీరేం మాట్లాడుతున్నారు? లోకేశ్వరి గారూ, జీపు తలుపు తీశారు, వచ్చేస్తున్నారు. తొందరగా చెప్పండి."

"నేను పరిగెత్తి పోయేటప్పటికే రైలు నిలిచిపోయుండింది సార్. ఇంజను ముందర, పట్టాల నడుమ, మురుగన్ ఒంటి మిందున్న ఎర్ర చొక్కా విప్పి రెండు చేతులా ఎత్తి పట్టుకోనుండినాడు."