పెడల్ మీద కాలు నాది

“ఆంటీ, అంకుల్ కార్ పూజ రోజు మీరు ఏదో శాపం పెట్టారంట కదా? మమ్మీ చెప్పింది. నిజంగానా?”

శాపమా? మీ అమ్మ అట్లా చెప్పిందా! కూర్చో హారికా, ఆ కుర్చీ మీద బట్టలు పక్కన పడెయ్. ఏంటది, ఫోన్లో రికార్డ్ చేస్తున్నావా? చెయ్, చెయ్. అదే మంచిది. తర్వాత మీ అమ్మకీ వినిపించు, ఈ కాపెల్ ఊళ్ళో ఇంకా ఎవరెవరు శాపం శాపం అంటున్నారో వాళ్ళందరికీ పంపించు. ముప్పై నాలుగేళ్ళు మత్తు డాక్టరుగా చేశాను నేను. ఆపరేషన్ టేబుల్ మీద ఎన్ని వేలమందిని నిద్రపుచ్చి మళ్ళీ లేపానో నాకే లెక్క లేదు. అట్లాంటిదాన్ని, డెబ్భై దాటాక శాపాలు పెట్టడం మొదలెట్టానట.

సరే, మొదట్నించీ చెప్తా. మీ అంకుల్ రిటైరయ్యారు. ఆయన కరెంటు కంపెనీలో ఇంజినీరు, నీకు తెలుసుగా. ఊళ్ళకి ఊళ్ళు వెలిగించారట. ఇంట్లో బల్బ్ మార్చమంటే మాత్రం నిచ్చెన కోసం వారం రోజులు వెతికేవారు. రిటైరైన మూడో నెల... కాదు, నాలుగో నెల, స్ప్రింగ్ కదా అప్పుడు, ఇంటిముందు ట్రక్ ఆగింది. దాని మీద ఒక తుప్పు ముద్ద. అరవైల నాటి కారు, రెండే తలుపులు, మంచమంత ముక్కు. మజిల్ కారట! కండలట! మోకాళ్ళకి ఇంజెక్షన్లు చేయించుకునే మనిషికి కండల కారు. కంపెనీ పేరు నేను చెప్పనమ్మా. రోజుకి వందసార్లు విని విని ఆ పేరంటేనే నాకు విసుగు పుట్టింది.

ఎందుకండీ ఇది అంటే, అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసులో ఎవరో తెల్లబ్బాయి ఇట్లాంటిదే వేసుకొచ్చేవాడట. ఈయన బస్‌స్టాప్‌లో నిలబడి చూసేవారట. అప్పట్నించీ మనసులో దాచుకున్నారట. యాభై ఏళ్ళ కాపరం, నాకెప్పుడూ ఒక్కమాట చెప్పలా! నేనూ అప్పుడు న్యూజెర్సీలో రెసిడెన్సీ చేస్తూ మంచులో బస్సుల కోసం నిలబడ్డదాన్నే. నాకు బస్సు వస్తే చాలు అనిపించేది.

ఇంక గ్యారేజ్ సంగతి చూడు. నా కార్ బయట ఎండలో, ఆ తుప్పు ముద్ద లోపల నీడలో. సుబ్బారావు లేడూ, గుండె డాక్టరు, ఆయనా ఇంకో ముగ్గురూ రోజూ పొద్దున్నే హాజరు. అందరూ రిటైరైనవాళ్ళే, అందరూ వీడియోలు చూసి మెకానిక్కులైనవాళ్ళే. ఒకడు బోల్ట్ తిప్పితే నలుగురు చప్పట్లు కొట్టేవాళ్ళు. తుప్పు పోవాలని నట్లూ బోల్టులూ చింతపండు పులుసులో నానబెట్టారు. నా చింతపండు, ఇండియా నుంచి మా చెల్లెలు పంపింది! కార్బ్యురేటర్‌ని ఏకంగా నా ఇడ్లీ పాత్రలో ఉడకబెట్టారు. ఆ తర్వాత ఆ పాత్ర పారేశాను. ‘కడిగితే పోతుందే’ అన్నారు మీ అంకుల్. ఆ పాత్రలో ఇడ్లీ మీరు తింటారా అంటే మళ్ళీ గ్యారేజ్‌లో దూరారు.

ఉన్న ఇంజిన్ చాలదట, ఇంకా పెద్దది తెచ్చి పెట్టారు. స్టార్ట్ చేస్తే వంటింట్లో గ్లాసులు కదిలేవి. సొసైటీ వాళ్ళు, అదే, హెచ్‌ఓఏ వాళ్ళు ఉత్తరం మీద ఉత్తరం. ఎర్ర రంగు వేయించారు, లెదర్ సీట్లు, వెనకాల స్పీకర్లు, ముందూ వెనకా మెరిసే క్రోమ్. నేను కాఫీలు అందిస్తూ ఒకసారి అడిగాను, ‘ఇంత ఇంజిన్ పెట్టారు, మరి బ్రేకుల సంగతేంటండీ?’ అని. నలుగురూ నా వంక ఎట్లా చూశారనుకున్నావ్! పెళ్ళిలో చావు కబురు చెప్పినట్టు. ‘అవి ఉన్నాయిలే వదినా’ అన్నాడు సుబ్బారావు. ఉన్నాయి, నిజమే. ఆ కారుతోపాటు పుట్టినవి ఉన్నాయి.

మా పెద్దమావయ్యకి తెనాల్లో ఒక పాత జీపు ఉండేది. పెట్రోలు లీటరు రూపాయో ఏమో అప్పుడు, దానికే అత్తయ్య గొడవ. ఆయన జీపెక్కి ముందు బ్రేకు మూడుసార్లు తొక్కేవాడు, తర్వాతే తాళం తిప్పేవాడు. చదివింది ఐదో క్లాసు. ఇక్కడ నలుగురి డిగ్రీలూ కలిపితే గోడ చాలదు. సర్లే, ఎక్కడున్నాను?

ఆ, ముహూర్తం. కారు ఇంకా అవకముందే సుబ్బారావు ఫోన్లో ఏదో చూసి ముహూర్తం పెట్టేశాడు. ఆదివారం పదీ నలభై రెండు. అది దాటితే మళ్ళీ రెండు నెలలదాకా లేదట. గ్రూప్‌లో మెసేజ్ పెట్టారు, అరవైమంది వస్తామన్నారు, పులిహోరా బొబ్బట్లూ కేటరింగ్‌కి చెప్పేశారు. పూజారిగారు గుడి నుంచి రావాలి. అన్నీ బుక్ చేశారమ్మా, బ్రేకుల పని తప్ప.

ఆ ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మీ అంకుల్ వచ్చి, ‘కాస్త సాయం పట్టు, బ్రేకుల్లో గాలి తియ్యాలి’ అన్నారు. అదెట్లాగో చెప్తా విను. బ్రేకు గొట్టాల్లో నూనెలాంటిది ఉంటుంది, అందులో గాలి చేరితే పెడల్ మెత్తబడి బ్రేకు పట్టదు. ఒకరు కింద పడుకుని చక్రం దగ్గర చిన్న మర విప్పి మూస్తారు, ఇంకొకరు లోపల కూర్చుని పెడల్ తొక్కుతారు. ‘తొక్కు’ అంటే తొక్కాలి, ‘పట్టుకో’ అంటే పట్టుకోవాలి, ‘వదులు’ అంటే వదలాలి. తొక్కేది ఎవరు? భార్య. అదొక్కటే ఆ కారులో ఆడదానికిచ్చిన ఉద్యోగం.

నాకది కొత్తేం కాదు. సెలైన్ గొట్టంలో గాలి బుడగ ఉంటే ఏమవుతుందో నాకు నేర్పక్కర్లా. మూడు చక్రాలు అయినాయి. నాలుగోది, వెనక కుడివైపుది. ‘తొక్కు, పట్టుకో’ అన్నారు. తొక్కాను, పట్టుకున్నాను. ఆయన మర బిగించే ఉంచారు, అయినా నా కాలికింద పెడల్ జారుతోంది. మెల్లగా, మెత్తగా, కిందికి. నేను కాలు కదపలా, అదే దిగిపోతోంది. అంటే ఏంటి? ఎక్కడో కారిపోతోందనేగా! వెనక్కి వెళ్ళే పాత ఇనపగొట్టం మార్చలా వాళ్ళు. క్రోమ్ మార్చారు, గొట్టం మార్చలా. పైగా ఆ రోజుల కార్లలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే బ్రేకు సిలిండరు. ఒక్కచోట పోతే నాలుగూ పోతాయి.

‘ఏవండీ, పెడల్ జారుతోంది’ అన్నాను. పక్కన సుబ్బారావు క్రోమ్ పాలిష్ చేసే మిషను గుర్రుమని తిప్పుతున్నాడు. మీ అంకుల్ కారు కింద నుంచి బయటికొచ్చి, టైం చూసుకుని, ‘చాల్లే, దిగు, చీర కట్టుకో’ అన్నారు.

తర్వాత పూజ. కొత్త పెయింట్ ఇంకా పూర్తిగా ఆరనుకూడా లేదు, దాని మీద పూజారిగారు ఇంత పసుపు ముద్దతో స్వస్తిక్ గీశారు. ఆ పచ్చ మరక ఇవాళ్టికీ ఉంది, వెళ్ళి చూడు. చక్రాల కింద నిమ్మకాయలు, హారతి, కొబ్బరికాయ. ఇంజిన్ స్టార్ట్ చేశారు. ఆ చప్పుడుకి పిల్లలు చెవులు మూసుకున్నారు. అప్పుడు మీ అంకుల్ పక్క సీటు తట్టి, ‘రావే, ఎక్కు’ అన్నారు. భార్య పక్కన కూర్చుంటేనే శుభమట.

‘నేనెక్కను, బ్రేకు మంచిది కాదు, ఆపండి’ అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యిపెట్టి నవ్వారు. సుబ్బారావుకి మాత్రం బాగా వినపడింది. ‘శుభమా అని బయల్దేరుతుంటే అదేం మాట వదినా’ అని, నన్ను పక్కకి జరిపి, తనే ఎక్కి కూర్చున్నాడు.

ఇక్కడ నా తప్పొకటి ఉంది, అదీ చెప్తా. థియేటర్లో మత్తు మిషను మీద ఒక్క లైటు వెలగకపోతే, సర్జన్ ఎంత అరిచినా నేను ఆపరేషన్ మొదలుపెట్టనిచ్చేదాన్ని కాదు. అట్లాంటిదాన్ని, ఆ తాళం చెవి లాగి పడెయ్యలేకపోయాను. అరవైమంది చూస్తున్నారు, పట్టుచీర కట్టుకుని మొగుడితో పోట్లాడాలా అని సిగ్గుపడ్డాను. ఎంత చదువుకుని ఏం లాభం! థూ.

కారు వెళ్ళింది. మన వీధి చివర మలుపు దాకా బాగానే వెళ్ళింది. అక్కడ బ్రేకు తొక్కారు. పెడల్ నేలకి తగిలింది. కారు మలుపు తిరగలా. రోడ్డు దాటి, ఎదురింటివాళ్ళ ఇటుకల మెయిల్‌బాక్స్ ఉంటుందే, దానికి కుడి తలుపుతో కొట్టుకుని ఆగింది. మీ అంకుల్‌కి ఒక్క గీత పడలా. సుబ్బారావుకి కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆ తలుపు జానెడు లోపలికి వచ్చేసింది హారికా. నేను కూర్చోవాల్సిన సీటు అది. పరిగెత్తుకెళ్ళి, చీర కొంగు చింపి సుబ్బారావు చెయ్యి కట్టింది నేనే. అంబులెన్స్‌లో వెంట వెళ్ళిందీ నేనే.

మరి ఊరు ఏమంది? వదిన ఎక్కనంది, అపశకునం. వదిన నోటి మాట తగిలింది. గుళ్ళో ప్రసాదాల దగ్గర నేను వస్తే మాటలు ఆపేసేవాళ్ళు. అందులో మీ అమ్మ కూడా ఉంది, చెప్పు ఆమెకి. చదువుకున్నవాళ్ళమ్మా! ఇంట్లో ముగ్గురు డాక్టర్లున్న వాళ్ళు కూడా. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ తుప్పు గొట్టాన్ని వంగి చూడలా.

వాళ్ళ సంగతి పోనీ. నాకు కావాల్సింది ఒకటే. మీ అంకుల్ నలుగురిలో ఒక్కమాట చెప్పాలి, ‘ఆవిడ ముందే చెప్పింది’ అని. చెప్పలా. నేను అడిగితే, ‘నాకు వినపడలేదే, పాలిష్ మిషను చప్పుడు, పైగా చెవి మిషను పెట్టుకోలేదు’ అన్నారు. సరేలే, చెముడు కదా, వయసు కదా అని నేనూ మింగేశాను. వినపడని మనిషి మీద ఎంతకని కోపం పెట్టుకుంటాం?

తర్వాత కారు మళ్ళీ బాగుచేశారు. ఈసారి నేను చెప్పినట్టు. గొట్టాలన్నీ కొత్తవి, ముందు వెనకలకి వేరువేరుగా పనిచేసే బ్రేకు సిలిండరు, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు. గ్యాంగ్‌ని రావద్దన్నాను. నేనూ ఆయనే. ఆయన కింద, నేను లోపల. తొక్కు, పట్టుకో, వదులు. ఒకరోజు కారు కింద నుంచి గొంతు వినపడింది, ‘ఎలా ఉందే?’ అని. నన్నే! ‘ఇంకా మెత్తగా ఉంది’ అన్నాను. మారు మాట్లాడకుండా మళ్ళీ మొదట్నించీ చేశారు. ఐదు శనివారాలు అట్లాగే. నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. వేసిందమ్మా, ఎందుకు దాచడం.

ఆ తర్వాత సుబ్బారావు చెయ్యి బాగైందని వాళ్ళింట్లో వ్రతం. భోజనాల దగ్గర వాడు మళ్ళీ అదే పాట, ‘వదిన నోటికి భయపడి ఇవాళ ఆవిడ్నే అందరికంటే ముందు పిలిచాం’ అని. అందరూ నవ్వారు. మీ అంకుల్ విస్తరి... కాదు, పేపర్ ప్లేటే, పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. ‘నవ్వకండి. పెడల్ మీద కాలు ఆవిడది. జారుతోందని నాకు చెప్పింది. నాకు వినపడింది. ముహూర్తం దాటిపోతుందని ఊరుకున్నాను. తప్పు నాది’ అన్నారు.

సుబ్బారావు భార్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఎనిమిది నెలలు నేను ఆ మాట కోసమే కూర్చున్నాను కదా, పొంగిపోవాలి కదా. చేతిలో ప్లేటు కింద పెట్టేశాను. వినపడిందట!

ఇంటికొస్తూ కార్లో అడిగాను, ‘అంటే విన్నారన్నమాట.’ ‘విన్నాను.’ ‘విని, ఆ పక్క సీటు తట్టి నన్ను ఎక్కమన్నారు.’ సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడింది, వెనకవాళ్ళు హారన్ కొట్టేదాకా కదల్లా. ‘అరవైమంది నిలబడి ఉన్నారే’ అన్నారు.

అరవైమంది. నేనూ ఆ అరవైమందికే సిగ్గుపడ్డాను, కాబట్టి ఆయన్ని ఇంకా ఏమనను? కానీ నేను తాళం లాగలేదు, ఆయన సీటు తట్టారు. ఈ రెండూ ఒకటి కాదమ్మా. ఎన్ని రకాలుగా చూసినా ఒకటి కాలా నాకు.

ఇప్పుడు బ్రేకులు రాయిలాగా ఉన్నాయి. నేనే తొక్కి చూశాను. ప్రతి ఆదివారం ‘ఒక్క రౌండ్ వెళ్ళొద్దాం రావే’ అంటారు. పని ఉందంటాను. ఆయన ఒక్కరే వెళ్ళి, పది నిమిషాల్లో తిరిగొస్తారు, పక్క సీటు ఖాళీగా. కిటికీలోంచి చూస్తుంటాను. ఒకరోజు ఎక్కుతానేమో. తెలీదు.

నీకు సంబంధాలు చూస్తున్నారటగా? అబ్బాయి ఉద్యోగం, వీసా, ఇల్లు, అవన్నీ మీ అమ్మా నాన్నా చూసుకుంటారు. నా తల్లే, నువ్వు చెప్పింది వినపడితే, వినపడిందని ఆ క్షణమే, ఎంతమంది ఉన్నా సరే చెప్పేవాడు నీకు దొరకాలి. చల్లగా ఉండు. అదిగో, గ్యారేజ్ తలుపు తీస్తున్నారు, ఇంక ఆ రికార్డింగ్ ఆపెయ్.