షెడ్డు బూట్లు

పెంగ్విన్ల దీవికి ఎదురుగా ఓడ ఆగింది. యాత్రికులను ఒడ్డుకు చేర్చే పడవ కింద సిద్ధంగా ఉంది. కోళ్లఫారం నడిపే భార్యాభర్తలు మెట్ల దగ్గర ఆగి మాట్లాడుకుంటున్నారు.

“ఈ బూట్లు ఎక్కడివండీ?”

“మన షెడ్డులోవే, నీవీ నావీ. కాలికి అలవాటైనవని సర్దాను. కడిగే తెచ్చానులే.”

“వీటితో ఆ పక్షుల మధ్యకి దిగుతామా?”

“అందరిలాగే మందునీళ్లలో ముంచి దిగుతాం. ఎవరికి తెలుస్తుందే?”

“నాకు తెలుసుగా. మన కోళ్లకి తెగులొచ్చిన ఏడు కూడా బూట్లు రోజూ ముంచాం. చివరికి వాటిని పూడ్చడానికి గొయ్యి తవ్వింది మీరే.”

“ఇన్నేళ్లూ పెంగ్విన్లు పెంగ్విన్లని నా ప్రాణం తీసి, ఇప్పుడు గుమ్మంలో ఆగిపోతావా?”

“ఆగిపోతాను. మీరూ ఆగుతారు. ఓడలో వేరే బూట్లున్నాయేమో అడిగి రండి.”

ఆయన గొణుక్కుంటూ వెళ్లి, కాసేపటికి ఒక జత పట్టుకొచ్చాడు.

“ఇదొక్కటే మిగిలిందట. నా సైజు.”

“అయితే మీరే వెళ్లిరండి.”

“చాల్లే. నా మేజోళ్లు కూడా తొడుక్కో, సరిపోతాయి.”

“మరి మీరో?”

“ఓడ పైనుంచి చూస్తా. నిన్ను పోల్చుకోవడమే కష్టం. ఈ బూట్లేసుకుంటే నువ్వూ ఆ పెంగ్విన్లలాగే నడుస్తావు.”