అభయన్న చెంప మీది మచ్చ

ఆ మాట నువ్వు అనొచ్చునా మున్వరూ? ఊర్లో ఎవరన్నా అననీ. నువ్వు అనొచ్చునా?

ఫోన్ పెట్టేయొద్దు. ఈ పొద్దు శుక్రవారం, నీకు డ్యూటీ లేదని నాకు తెలుసు. నమాజు కూడా అయిపోయింటాది. రూములో మనుషులుంటే బయటికి రా. వచ్చినావా? ఎండగా ఉందా? ఉండనీ. ఈడ ప్రొద్దుటూరులో నాకేం నీడ పరిచినారా?

నిన్న సాయంత్రం మన అభిమాన సంఘం వాట్సాప్ గ్రూపులో, కొత్త సినిమా ట్రైలరు కింద నీ గొంతు విన్నా. "అభయన్న ముసలితనంలో చెడిపోయినాడప్పా. మగోడు మగోన్ని ప్రేమించేదేంది, ఛీ! ఈ సినిమాకు ఫ్లెక్సు కట్టొద్దండి, మన మర్యాద పోతాది." ఎంత బాగా అన్నావప్పా ఆ 'ఛీ'! కువైట్ నుంచి ఈడిదాకా తుంపర పడింది.

అంతే, గ్రూపంతా ఎగిరింది. మున్వరన్నే వద్దన్యాక ఇంగేముంది అనిరి. అభయచంద్ర బొమ్మలు గీసి గీసి చేతులు కాయలు కాసినోడు నువ్వు. నీ మాటంటే వాళ్లకు కోర్టు తీర్పు. పులివెందుల వాళ్లు కట్టిన ఫ్లెక్సు పొద్దున్నే చించినారంట. జమ్మలమడుగోళ్లు తెలివైనోళ్లు, కట్టనే లేదు.

నేను ప్రెసిడెంటును గదా. నన్నెవరన్నా అడిగినారా? అడగలే.

నా సంఘం ఎట్లాంటిదో నీకు తెలుసు. తాగి వచ్చినోడి పేరు కొట్టేసినా. కటౌటు ముందర పొట్టేలును కోస్తామంటే తాడిప్పి తోలేసినా. హాల్లో సీట్లు చించినోడితో నేనే కుట్టిచ్చినా. కేశవన్న శానా నిష్ఠ మనిషి, అభయన్న మీద భక్తితో పెండ్లి కూడా చేసుకోలేదు అని ఊరంతా అనుకుంటాది. అట్లనే అనుకోనిచ్చినా. నా మాదిరి మోటార్లు వైండింగు చేసుకునేవాడు, పదో తరగతి చదివినోడు, ఇంతకన్నా మంచి సాకు యాడ తెచ్చుకుంటాడు?

నవ్వుతాండావా? నవ్వు. నీకు సాకు అక్కరలేకపాయె. నికా చేసుకుంటివి.

చేసుకున్యావని నేను ఎప్పుడన్నా ఒక మాట అన్నానా? చెప్పు. మైమూన్‌ను చెల్లెలు మాదిరి చూసుకున్యా. నీ ఇంట్లో బోరు మోటారు కాలిపోతే పరుగెత్తేది ఎవరు? నువ్వు కువైట్‌లో ఉంటివి.

సరే, అది వదిలేయ్. అభయన్న సంగతికి రా.

మొదటి సినిమా గుర్తుందా? వానలో ఫైటు. తెల్ల చొక్కా ఒంటికి అంటుకోని. హాలంతా ఈలలేసింది, వాళ్లు ఏసింది ఫైటుకు. నేల టికెట్టులో పక్కపక్కన కూర్చోని మనమిద్దరమే ఈల మర్చిపోయినాము. ఒకరి ముఖం ఒకరు చూసుకోలే. అప్పుడే తెలిసింది నాకి, నీకి కూడా.

ఆ మీదట మన సీమ సినిమాలు. కత్తులు, సుమోలు, బాంబులు. గండికోటలో షూటింగంటే జమ్మలమడుగు దాకా బస్సు, ఆడ్నుంచి నడక. అభయన్న వ్యాన్ దిగి నా భుజం మీద చెయ్యేసి "ఏం అబ్బీ, బాగుండావా" అన్యాడు. మన యాస ఆయనకు రాదు, ఎవరో నేర్పించింటారు. అయినా ఆ చొక్కా నేను ఉతకలే. నువ్వు వారం దినాలు నాతో మాట్లాడలే! అభయన్న మీద కుళ్లుకునింది నువ్వు గాదా?

ఆ మీదట ఆ పనోడి సినిమా వచ్చె. నడుము తిప్పుకుంటా కాఫీ తెచ్చేవాడు. అభయన్న వాన్ని చెంప మీద కొడితే హాలు కూలేటట్టు నవ్విరి. మళ్ల కొట్టె, మళ్ల నవ్విరి. నువ్వు కూడా ఈలేసినావు మున్వరూ. నేను నీ పక్కనే ఉండా. ఎందుకేసినావో నాకు తెలుసు. ఏయకపోతే నీ తట్టు చూస్తారని. నేను ఏయలే, కానీ లేచి బయటికీ పోలే. ఇద్దరం ఒకటే.

టీ అంగడి దస్తగిరికి అప్పుడు పడింది ఆ పనోడి పేరు. పాపం మెత్తగా మాట్లాడేవాడు, అంతకుమించి ఏం తప్పు చేసినాడు? టీ ఇస్తే పిలిచి చెంప తట్టేవాళ్లు, సినిమాలో మాదిరి. ఆ మనిషి అంగడి అమ్ముకోని బెంగళూరు పాయె. దానికి అభయన్నను ఎవరడిగినారు? నేను అడిగినానా? ఆ ఏడు కూడా ఆయన పుట్టినరోజుకు రక్తదానం చేయించినా.

ఇంకా విను. నాకు అభయన్న మీద కూడా మంటే. ఇన్నేండ్లు చెంపలు పగలగొట్టి, యాభై ఏండ్లు దగ్గరపడినాక మనసు మారిందా? ఈ సినిమా ఏందో దస్తగిరి ఊర్లో ఉన్నప్పుడే చేసి ఉండగూడదా? మనం వయసులో ఉన్నప్పుడు చేసి ఉండగూడదా?

కానీ చేసినాడు గదా. చేసినాడు. ఆలస్యంగా చేసినోణ్ణి తిట్టొచ్చు. చేసినందుకు ఛీ అనగూడదు.

సినిమా చూసి ఇప్పుడే వస్తాండా. సగం హాలు కూడా నిండలే. లారీ డ్రైవరు అభయన్న. జీవితమంతా ఒకే లారీలో తిరిగిన క్లీనరు సచ్చిపోతాడు. పాడె మోసేదానికి పోతే ఆ ఇంటోళ్లు నువ్వెవరంటారు. పాటల్లేవు, ఫైటు లేదు. అట్ల నిలబడి, "నేను ఆయన మనిషిని" అంటాడు. అంతే.

హాల్లో ఎవడో కూసె. ఇంకోడు నవ్వె. ఆ మీదట ఎవరూ నవ్వలే మున్వరూ. ముందర సీట్లో ఒక ముసలాయన తలగుడ్డ తీసి ముఖం తుడుచుకునె.

నాకి మాత్రం నీ రేకుల షెడ్డు కండ్లల్లో మెదిలింది. నువ్వు రంగులు కలుపుతాంటే నేను నిచ్చెన పట్టుకునేవాణ్ణి. తలుపేసుకున్యాక మనం ఎట్ల ఉండినామో నీకు నాకు తెలుసు. దానికి మనం పేరు పెట్టలే. అభయన్న మూడు మాటల్లో పెట్టేసినాడు.

ఆ షెడ్డులోనే గదా నువ్వు ఆ పెద్ద కటౌటు గీసింది? ఎడమ చెంప మీద మచ్చ పెట్టినావు. అభయన్నకు యాడుంది మచ్చ? ఊరంతా ఎగతాళి చేసింది. పెయింటరుకు కండ్లు మసకలొచ్చినాయని. థియేటరోళ్లు తుడపమంటే, ఆరిపోయింది, ఇంగ రాదంటివి. ఆ మచ్చ ఎవరిదో నాకొక్కడికే తెలుసు. పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు నేను అద్దంలో చూసే మచ్చ గదా. పద్నాలుగు అడుగుల ఎత్తున, బజారు నడిమధ్య, నన్ను నిలబెట్టినావురా. ఆ చేతులతోనేనా నిన్న ఫోన్ పట్టుకోని ఛీ అన్యావు?

ఏందీ? ఊర్లో పెండ్లాం బిడ్డలుండారా? ఉండారు. నేను లేదన్నానా? నోరు మూసుకోని ఉండమంటాండా, అంతే. నిజం చెప్పే ధైర్యం లేనోడు ఊరకుండొచ్చు. అబద్ధంతో ఇంకొకణ్ణి కొట్టగూడదు. నా సంఘంలో అది రూలు.

ఫ్లెక్సు కట్టినా. ఆఁ, కట్టినా! నా దుడ్లతో.

మామూలుగా అయితే కింద మన సభ్యుల ఫొటోలకు కొట్లాటలు గదా, నాది పైన, వాడిది కింద అని. ఈసారి ఒకడి ఎనక ఒకడు ఫోన్. "నా ఫొటో వద్దన్నా, పెండ్లి సంబంధాలు చూస్తాండారు." "నా ఫొటో వద్దన్నా, మా మామ వార్డు మెంబరు." చివరికి నాదొక్కటే మిగిలె. ఫ్లెక్సు కొట్టేవాడు నవ్వుతాండాడు. "ఒక్క ఫొటోతోనా కేశవన్నా? సచ్చినోళ్లకు ఏసేది మాదిరుంది. కన్నీటి వీడ్కోలు అని రాసేదా?" నీ పని నువ్వు చూసుకో నాయనా అన్యా.

పొద్దున్నే కట్టినాము. కట్టినాక నల్ల ఎనామిల్ డబ్బా తెచ్చుకోని నిచ్చెనెక్కినా. అభయన్న ఎడమ చెంప మీద మచ్చ పెట్టినా. నీ మాదిరి చెయ్యి తిరగలే, కొంచెం కారింది. కింద నా ఫొటో, నా చెంప మీద నా మచ్చ. కండ్లుండేవాడికి చాలు.

నా సంగతి నేను చెప్పుకున్యా. ఊరు ఉమ్మితే నా మీదనే ఉమ్మనీ. నీ పేరు యాడా లేదు.

లైన్లో ఉండావా?

ఇంకొకటి చెప్పల్ల. అందుకే చేసినా ఫోను.

మైమూన్ వచ్చె. బట్టలంగడి తట్టు పోతాండె. ఫ్లెక్సు దగ్గర నిలబడింది. నీ ఇంటి గోడ మీద మచ్చ పెట్టిన ఆ పాత కటౌటు ఫొటో ఉంది గదా, నువ్వు నిచ్చెన మీద కుంచె పట్టుకోని ఉండేది? దినామూ దాని దుమ్ము దులిపేది ఆ యమ్మే. అభయన్న చెంప చూసె. కింద నా ఫొటో చూసె. ఆ మీదట తల తిప్పి నా ముఖం చూసె. యాడ కనపడినా "సలాం కేశవన్నా" అనే మనిషి. ఈ పొద్దు అనలే. కొంగు సర్దుకోని వచ్చిన దోవనే ఇంటికి పాయె. బట్టలంగడికి పోలే.

అట్లయితాదని నేను అనుకోలేదు మున్వరూ.

లేదు. అబద్ధమాడను. నువ్వు అబద్ధమాడినావని తిట్టి నేనెట్ల ఆడేది? అనుకున్యా. నల్ల రంగు కొనేటప్పుడే ఆ గోడ మీద ఫొటో గుర్తొచ్చింది. గుర్తొచ్చినా కొన్యా.

తప్పే. ఆ యమ్మ ఏం చేసింది నన్ను? తప్పని తెలిసే నిచ్చెన ఎక్కినా. ఇన్నేండ్ల నిష్ఠ, నీ ఒక్క 'ఛీ'కి పాయె.

ఏందీ, తుడిచేస్తావా అంటాండావా? నిచ్చెన ఈడనే ఉంది. టర్పెంటు కూడా ఉంది సీసాలో.

ఆరిపోయిందప్పా. ఇంగ రాదు.